కేసుకి కావలసిన పేరు

ఆ శనివారం పొద్దున సముద్రాలవతలి హెండర్సన్ పేట మీద ఆకాశం రెండు ముక్కలుగా ఉంది. కొండల వైపు వాన దిగుతోంది, ఇళ్ళ మీద ఎండ కాస్తోంది. ఎండను నమ్మి, ఆ రోజు నర్సు డ్యూటీ లేని ప్రేమలీల బట్టలు ఉతికి ఆరేసింది. ఆమె మొగుడు ఆశీర్వాదం పెరట్లో కలుపు తీస్తుంటే మహిధర్ కారు వచ్చి ఆగింది.

"ఆశీర్వాదం గారూ, బాగున్నరా?"

ఆశీర్వాదం చేతి మట్టి దులుపుకున్నాడు. ఆ నోట 'గారు' వినడం ఇదే మొదలు. వయసులో చిన్నవాడైనా మహిధర్‌కి నగరం అవతలి చివర ఫ్లాట్ బుష్‌లో పెద్ద ఇల్లు, తెలుగు సంఘంలో పెద్ద కుర్చీ. ఇన్నాళ్ళూ 'ఏమయ్యా' అనే పిలిచాడు. ఏదో పని పడిందన్నమాట.

పని ఆశీర్వాదం కూతురు డెబోరాతో. ఆ పిల్లకు మెడిసిన్ సీటు రాలేదు. ఆమెకన్నా తక్కువ మార్కులతో ఇక్కడి మూలవాసులు మావోరీల పిల్లలకు, పసిఫిక్ దీవుల పిల్లలకు వాళ్ళ కోటాలో వచ్చింది. ఆ కోటా మీద సంఘంలో కొందరు హైకోర్టుకు వెళ్తున్నారు. సీటు పోయిన విద్యార్థి పేరు మీద వేస్తేనే కేసు నిలుస్తుందని లాయరు చెప్పాడట.

"మా పిల్లగాడు శ్రవణ్‌కి మార్కులు తక్కువున్నయ్. మీ అమ్మాయివి మస్తున్నయ్. నర్సు కూతురంటే పేపరోళ్ళు కూడా ఫోటో వేస్తరు. ఈ కాలంల జాతి చూసి పిల్లల్ని విడదీసుడేంది, చెప్పండి?"

"నేను రెడీ అంకుల్," అంది గుమ్మంలో నిలబడి వింటున్న డెబోరా.

రిజల్ట్స్ వచ్చిన దగ్గర్నుంచి ఆ పిల్ల సరిగా తిన్నది లేదు. ఆ మొహం చూసి ఆశీర్వాదం పేరు ఇద్దామనే అనుకున్నాడు.

ప్రేమలీల టీ తెచ్చింది.

"అయ్యో, ఇప్పుడే తాగొచ్చినమ్మా."

"భోంచేసి వెళ్ళండి. చేపల పులుసు పెట్టాను."

"శనివారం తినను."

"పోనీ పెరుగన్నం?"

"కడుపు బాగలేదు."

"మంచినీళ్ళయినా..."

"కార్ల బాటిల్ ఉంది."

ఊరి చివరి వాడలో పుట్టిన ఆశీర్వాదానికి ఈ సాకులు కొత్త కావు. సంఘం పిక్నిక్‌కి ప్రేమలీల పట్టుకెళ్ళిన పులిహోర గిన్నె ఎలా వెళ్ళిందో అలాగే తిరిగొచ్చింది. ఆ తర్వాత ఇద్దరూ మూడు పూటలు దాన్నే తిన్నారు.

"మా ఇంట్లో నీళ్ళు కూడా ఎందుకు తాగరు అంకుల్?" అంది డెబోరా. ఇక్కడ పుట్టిన పిల్ల. తెలియకే అడిగింది.

మహిధర్ నవ్వి, కప్పు ఎత్తి పెదవులకు ఆనించి దించాడు. "తాగిన, చాలా?"

కప్పులో టీ చుక్క తగ్గలేదు.

"సరిగా తాగవయ్యా," అన్నాడు ఆశీర్వాదం. "తర్వాత కేసు మాట్లాడదాం."

మహిధర్ మొహం ఎర్రబడింది. "ఇంత దూరమొచ్చి కూడా కులం లేపుతవా? అవున్లే, మీకు రిజర్వేషన్లు అలవాటు. సీటు పోయినోళ్ళ నొప్పి మీకేం తెలుస్తది?"

"అలవాటే. ఆ రిజర్వేషన్ సీటుతోనే ఈమె నర్సయింది. మీ అమ్మ పక్షవాతంతో పడుంటే ఈ చేతులే ఒళ్ళు తుడిచాయి. అప్పుడు నీకు ఏ వారమూ అడ్డం రాలేదు. నా పిల్ల పేరు కావాలి నీకు, ఫోటో కావాలి. నా ఇంటి గుక్కెడు నీళ్ళు మాత్రం నీ గొంతు దిగవు. విడదీయడం తప్పని కోర్టుకు నువ్వు చెప్తావా?"

మహిధర్ అతన్ని వదిలేసి డెబోరా వైపు తిరిగాడు. "ఇవన్నీ పాత ముచ్చట్లమ్మా. నీ సీటు సంగతి ఆలోచించు."

డెబోరా ఆ కప్పునే చూస్తోంది. టీ మీద మీగడ కట్టింది.

"నా పేరు వద్దు అంకుల్."

కారు వెళ్ళిపోయింది. ఆశీర్వాదం కూతురి భుజం మీద చెయ్యి వేయబోయాడు. ఆమె పక్కకు తప్పుకుంది.

"ఆయనది తప్పే నాన్నా. కానీ నా సీటు పోయింది. ఆ కోపం నేనెక్కడ పెట్టుకోను?"

ఇందాక ఆశీర్వాదం చూపించిన కోపం కూతురికి పనికొచ్చేది కాదు.

ప్రేమలీల కంచాలు పెట్టి పులుసు వడ్డించింది. రోజూ పైకి వినబడేలా ప్రార్థన చేసే ఆశీర్వాదం ఆ పూట తల వంచి, వెంటనే అన్నం కలిపాడు. కొండల మీది వాన ఇంటి మీదికి వచ్చేసింది. తీగ మీది బట్టలు తడుస్తున్నాయి. ఎవరూ లేవలేదు. ముగ్గురూ ముళ్ళు ఏరుకుంటూ తిన్నారు.