గుండె బాట

"అయ్యో, మీ బావకి గుండెపోటంటరా!" మా అక్క స్తాంక ఫోన్ పెట్టేసి ఏడుపు లంకించుకుంది.

మా బావ గాంచో పొద్దున రక్తపోటు మాత్రల చీటీ రాయించుకోవడానికని మా ఊరి ఆసుపత్రికి వెళ్ళిన మనిషి. అక్కడే పడుకోబెట్టేశారట. పైజామా, చెప్పులు, వేడివేడి బానిత్సా రొట్టె మూటగట్టుకుని అక్కా నేనూ పరుగెత్తాం.

గుండె వార్డు బయట ఒకావిడ కుర్చీలో ఒరిగిపోయి ఉంది. ముఖాన నెత్తురు చుక్క లేదు, చెమటలు ధార కడుతున్నాయి. ఆమె తల పట్టుకుని మొగుడు కనిపించినవాళ్ళందరినీ బతిమాలుతున్నాడు.

"ఈవిడకి గట్టి పోటే వచ్చింది," చిన్న డాక్టరు యోర్దనోవా నర్సుతో అంటోంది. "మంచాల్లేవు. పెద్దూరి అంబులెన్సు వచ్చేదాకా ఆగుతుందో లేదో."

లోపల మా బావ మంచం మీద బాసింపట్టు వేసుకుని పక్క మంచాలవాళ్ళతో పేకాడుతున్నాడు. ఆ గదిలో ఒక్కడికీ తుమ్ము కూడా లేదు!

"చచ్చిపోతున్నావని వస్తే ముక్కలేస్తున్నావా?" అక్క కసిరింది.

"గుండెపోటని డాక్టరమ్మే చెప్పిందే! నొప్పి మొదలయ్యేలోపు రెండాటలేద్దామని..."

నాకు ఒళ్ళు మండింది. పెద్ద డాక్టరు మించెవ్‌ని నిలదీశాను. "బయట ప్రాణం పోతోంది. ఈయన్ని ఇంటికి పంపండి!"

"మూడు రాత్రులు పడుకోకపోతే బీమావాళ్ళు చిల్లిగవ్వ ఇవ్వరయ్యా. వార్డు నిండకపోతే డైరెక్టరు మా అందరి వాటా కోస్తాడు."

"మంచం నిండితేగాని మీ కంచం నిండదన్నమాట!"

బావకి చెవుడే గాని, నా గొంతు చెవిటివాళ్ళకి కూడా వినబడుతుంది. ముక్కలు జేబులో పడేసి, చెప్పుల్లో కాళ్ళు దూర్చి లేచాడు. "ఆ తల్లిని ఇక్కడ పడుకోబెట్టండి."

మించెవ్ తలుపుకి అడ్డం నిలబడ్డాడు. "యోర్దనోవా, ఈయన్ని వదిలితే ఈ నెల నీ వాటా సున్నా!"

ఆ పిల్ల ఒక్క క్షణం తటపటాయించింది. తర్వాత చక్రాల కుర్చీలో ఆవిడని కూర్చోబెట్టి, "తప్పుకోండి సార్!" అంటూ ఆయన కాళ్ళ మీదికే తోసుకొచ్చింది. ఆయన తప్పుకున్నాడు. ఆవిడ మంచమెక్కింది, సూది పడింది, ఊపిరి కాస్త కుదుటపడింది.

డాక్టరమ్మ బయటికొచ్చేసరికి జనం మూగి ఉన్నారు.

"ఇంతకీ మా ఆయనకి పోటెప్పుడొచ్చిందమ్మా?" అక్క అడిగింది.

"పోటు కాదమ్మా, బాట!" అందరికీ వినబడేలా అరిచిందా పిల్ల. "ఒక్కో జబ్బుకి బీమావాళ్ళు ఒక్కో బాట గీశారు. ఏ జబ్బూ లేకపోయినా ఆ బాట పట్టించి పడుకోబెడితే ఆసుపత్రికి డబ్బు, మాకు వాటా. ఈ తాతని ఆ బాట పట్టించింది నేనే. గుండె బాటలో రాశానన్నాను. గుండెపోటని ఆయనకి వినబడింది."