తియోనే తాగిన జావ

ఎస్నాతిని చంపింది రోగం కాదు, డాక్టరు. ఆరేళ్ళుగా జకేయో చెబుతున్న మాట ఇది. కాదన్నవాళ్ళ గడప అతను మళ్ళీ తొక్కలేదు కాబట్టి, ఇప్పుడు కాదనేవాళ్ళు మిగల్లేదు.

కడుపులో గడ్డ తీస్తామని ఆయన మత్తు సూది వేశాడు. ఎస్నాతి మళ్ళీ లేవలేదు. డాక్టరు బయటికొచ్చి ఆమె మొగుడితో అన్న మొదటి మాట, "పొద్దున ఈమె ఏమైనా తిన్నదా?" అని.

"పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టలేదు. రాత్రంతా మంచం పక్కన నేనే కూర్చున్నాను," అన్నాడు జకేయో.

"కడుపులోది పైకొచ్చి ఊపిరితిత్తుల్లోకి పోయింది," అన్నాడు డాక్టరు.

తినని తిండి పైకెలా వస్తుంది? తన తప్పును చచ్చినదాని మీదికి తోశాడు. ఆ అబద్ధం జకేయో ఎవరికీ చెప్పలేదు. చెబితే ఎస్నాతి దొంగచాటుగా తిన్నట్టవుతుంది. డాక్టరు చంపాడు అన్నంత వరకే చెప్పి ఊరుకునేవాడు. తర్వాత తనకు పన్ను నొప్పొస్తే కూడా ఆస్పత్రికి పోలేదు. పట్టకారుతో తనే పీక్కున్నాడు.

ఇల్లరికపు అల్లుడు పెళ్ళాం పోయాక తన ఊరికి తాను వెళ్ళిపోవాలి. ఆ ప్రాంతంలో ఎవరైనా అంతే. జకేయో వెళ్ళలేదు. ఎందుకని అడిగితే కుక్క రానంటోంది అనేవాడు. కుక్కను ఎస్నాతి పోవడానికి ఏడాది ముందు కూనగా తెచ్చింది. ఉంచుకుందామా అని అడిగినప్పుడల్లా మొగుడు చూద్దాం, చూద్దాం అంటుంటే, దానికి ఆ పేరే పెట్టింది, తియోనే అని. వాళ్ళ భాషలో చూద్దాం అనే అర్థం. ఏడేళ్ళుగా అది జకేయో చాప అంచున పడుకుంటోంది. పక్కలోకి రానివ్వలేదని అతను అంటాడు. చాప మీది వెంట్రుకలు వేరే మాట చెబుతాయి.

ఆ ఏడు వానలు వెనకబట్టే వేళకి తియోనే పొట్ట కింద జామకాయంత గడ్డ లేచింది. ఒక పక్కకి పడుకోలేకపోయేది. జకేయో దాన్ని సైకిల్ వెనక బుట్టలో పెట్టుకుని టౌన్లో పశువుల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాడు. డాక్టరు ముందుకు వెళ్ళి నిలబడటం ఆరేళ్ళలో అదే మొదటిసారి. ఆమె పేరు లుసుంగు. చిన్నపిల్లలా ఉంది, చేతులు మాత్రం మోటుగా ఉన్నాయి. ఆ చేతుల వల్లే నమ్మాడు.

"తీసేయాలి తాతా. బుధవారం తీసుకురండి. ముందు రోజు సాయంత్రం నుంచి దీనికి తిండి బంద్. గుర్తుంటుందా?"

"మత్తిస్తావా?"

"ఇవ్వకుండా కోస్తే మీరే నన్ను కొడతారు."

అతను నవ్వలేదు. "లేస్తుందా?"

"కడుపు ఖాళీగా ఉంటే లేస్తుంది," అంది డాక్టరమ్మ.

మంగళవారం సాయంత్రం మరదలు మలిత జావగిన్నెతో వచ్చింది. ఎస్నాతికి చెల్లెలు, పక్కిల్లే. కుక్కకు ఇంత, బావకు ఇంత రోజూ తెచ్చేది. ఎవరికి ముందు పెట్టేదో ఊరందరికీ తెలుసు.

"ఇవాళ దానికి వద్దు," అన్నాడు జకేయో. "డాక్టరమ్మ ఏమీ పెట్టొద్దంది."

మలిత గిన్నె నడుముకి ఆనించుకుని నిలబడింది. "డాక్టర్ల మాట నువ్వెప్పటి నుంచి వింటున్నావు బావా?"

జకేయో కుక్కను తన వెనక్కి లాక్కున్నాడు.

"అయినా ఊరు దాటి పోయేదాన్ని ఉత్త కడుపుతో పంపుతామా? మా అమ్మ బతికుంటే నీ చెవి మెలేసేది."

"మీ అమ్మకి నా చెవి అందేది కాదు. పో."

ఆ ఊళ్ళో ప్రయాణం కట్టినవాళ్ళు జావ తాగకుండా గడప దాటరు. చావింటికి పోయినా, కోర్టుకి పోయినా అంతే. ఖాళీ కడుపుతో పంపితే, తిరిగి రావద్దు అన్నట్టు లెక్క. జకేయోకీ ఆ సంగతి తెలుసు. అందుకే తెల్లవారుజామున సైకిల్ ట్యూబుకి గాలి కొడుతున్నంతసేపూ కుక్క వంక చూడలేకపోయాడు. చూడలేదు కాబట్టి మలిత ఎప్పుడొచ్చి ఎప్పుడు పోయిందో కూడా తెలియలేదు.

తానూ వస్తానని ఆమె ఇంకో సైకిలెక్కి వెంట వచ్చింది. దారిలో టమాటాలు అమ్మే ఆడవాళ్ళు కేకలేశారు. "మలితా, మీ బావ కొత్త పెళ్ళాన్ని ఊరేగిస్తున్నాడా?"

"అవునే! నాకంటే అందంగా ఉందని ఎంచుకున్నాడు," అంది మలిత.

డాక్టరమ్మ తియోనేని తూకం వేసింది. "ఏమీ తినలేదుగా?"

"పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టలేదు," అన్నాడు జకేయో. ఆ మాట తన నోట్లోంచి ఇదివరకోసారి వచ్చినట్టు అనిపించింది.

"ముందు ఈ సూది. ఇది అసలు మత్తు కాదు, మగత. పట్టుకోండి తాతా, మీ వాసన ఉంటే దీనికి ధైర్యం."

తొడ మీద సూది గుచ్చింది. తియోనే మూతి తెచ్చి జకేయో చంకలో దూర్చింది. కాసేపటికి కాళ్ళు తూలాయి. నాలుకతో పెదాలు రెండుసార్లు నాక్కుంది. వీపు గూనిలా వంచి, అతని చెప్పుల మీద కక్కేసింది. తెల్లటి మొక్కజొన్న జావ, వేరుశెనగ పొడితో సహా, ఒక గిన్నెడు.

డాక్టరమ్మ జావ వంక చూసింది. తర్వాత జకేయో వంక చూసింది. జకేయో మలిత వంక చూశాడు.

"ఒక్క గిన్నెడే," అంది మలిత. "పొద్దున. దారికని."

"పెట్టొద్దన్నానే!" అన్నాడు జకేయో.

"అందరు డాక్టర్లూ అలాగే అంటారు బావా, తుడిచే పని తప్పుతుందని. అక్కకీ వద్దనే అన్నారు. నువ్వు మొహం కడుక్కోడానికి కుళాయి దగ్గరికి పోయావు చూడు, అప్పుడు నేను పైగుడ్డ చాటున తెచ్చి తాగించాను. ఎంత ఆకలి మీదుందో! గిన్నె నాకింది. కనీసం అక్క కడుపు నిండాకే పోయింది." ఆ మాటంటుంటే ఆమె గొంతులో గర్వం ఉంది. ఆరేళ్ళుగా దాచుకున్న గర్వం.

డాక్టరమ్మకి ఆ అక్క ఎవరో తెలియదు. నేల తుడుస్తూ మామూలుగా చెప్పింది. "తుడవడం కాదమ్మా. ఇప్పుడంటే మెలకువలో కక్కింది, మింగాలో ఉమ్మాలో దానికి తెలుసు. అదే మత్తులో పైకొస్తే తెలియదు. నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతుంది. కుక్కైనా మనిషైనా ఒకటే. అలా పోయాక నేనే కాదు, ఎవరూ లేపలేరు. దీని అదృష్టం బాగుంది."

మలిత చేతిలోని పైగుడ్డ అంచుని వేలికి చుడుతూ, విప్పుతూ ఉండిపోయింది.

జకేయో తన చెప్పుల వంక చూసుకున్నాడు. ఆ డాక్టరు అబద్ధం ఆడలేదు. ముట్టలేదని ఒట్టు వేసినట్టు చెప్పింది తానే.

"ఇవాళ కొయ్యను," అంది డాక్టరమ్మ. "ఇక్కడే ఉంచండి, రేపు పొద్దున చేస్తాను. తాళం నా దగ్గర ఉంటుంది."

మర్నాడు ఇద్దరూ మళ్ళీ వచ్చారు. మలిత గిన్నె తేలేదు. దారిలో జకేయో ఒక బన్ను కొనిస్తే వద్దంది. "అది తినకుండా ఉంది, నేనూ ఉంటాను," అంది.

డాక్టరమ్మ జకేయోని లోపలికి రానిచ్చింది. తియోనే ముంగాలి మీద బొచ్చు గీసి సూది ఎక్కించింది. కుక్క అతని మొహంలోకి చూస్తూ చూస్తూనే తల వాల్చింది. నాలుక పక్కకి లాగి, గొంతులోకి గొట్టం దించి, ఆమె కోత మొదలుపెట్టింది. జకేయో కోత వంక చూడలేదు. పక్కటెముకలు లేవడం, దిగడం, అదొక్కటే చూశాడు. ఒకసారి దిగిన ఎముకలు ఆలస్యంగా లేచాయి. ఆ మధ్యలో అతను ఎస్నాతి మీద ఒట్టు పెట్టుకున్నాడు, ఏమని పెట్టుకున్నాడో ఎవరికీ చెప్పలేదు.

గడ్డ గిన్నెలో పడింది. కుట్లు పడ్డాయి. కిటికీలో ఎండ బల్ల మీంచి గోడ మీదికి పోయేదాకా తియోనే కదల్లేదు. తర్వాత తోక చివర, బెత్తెడు, ఒక్కసారి బల్లకి కొట్టింది.

"చూద్దాం, చూద్దాం," అన్నాడు జకేయో దాని చెవిలో. పేరు పెట్టి పిలిచాడో, ఊరడించాడో డాక్టరమ్మకి అర్థం కాలేదు.

తిరిగి పోతూ కొండ ఎక్కేముందు నీళ్ళ కోసం ఆగారు. మలిత కుక్క తలని ఒళ్ళో పెట్టుకుని, తన పైగుడ్డ దానికి కప్పింది. నిన్నటి నుంచి ఆమె ఒక్క ఎత్తిపొడుపు మాట అనలేదు.

"బావా," అంది చివరికి. "ఆ రోజు ఆ డాక్టరు నీతో ఏమన్నాడు?"

జకేయో జీవితంలో ఎవరినీ క్షమించలేదు. కొడవలి అడిగి తీసుకుని తిరిగివ్వని సొంత అన్నని కూడా. ఎలా క్షమిస్తారో అతనికి తెలియదు. మరదలి చేతుల వంక చూశాడు. రెండు ఇళ్ళ జావ కాచి కాచి కాయలు కాసిన చేతులు. అవి కుక్క చెవుల వెనక నెమ్మదిగా గోకుతున్నాయి.

"ఏమీ అనలేదు."

"ఏదో అన్నాడు. నీ మొహం చెబుతోంది."

"డాక్టరే చంపాడని ఆరేళ్ళు చెప్పీ చెప్పీ నా నోరు అరిగిపోయింది మలితా. ఇక ఆ మాట ఎత్తను. నీ దగ్గర ఎత్తను, ఊళ్ళో ఎత్తను, మీ అక్క సమాధి దగ్గర కూడా ఎత్తను. నువ్వూ అడగొద్దు. లే, దానికి ఆకలేస్తుంది."