ఎలీషా సార్ ఈల

నేను ఒక ఇత్తడి ఈలను. నాలో ఊపిరి పోస్తే మైదానంలో ఇరవై రెండు మంది ఉన్నచోట ఆగిపోతారు. ఇంట్లో తండ్రి మాట విననివాళ్లు కూడా నా మాట వింటారు. అది నాకెప్పుడూ వింతే.

మొదట నన్నొక ముసలి రిఫరీ ఊదేవాడు. ఎలీషాను చూసింది అప్పుడే. సికింద్రాబాద్‌లో లాలాగూడ రైల్వే క్వార్టర్ల కుర్రాడు, ఒక కంపెనీ ఫుట్‌బాల్ జట్టుకు మిడ్‌ఫీల్డర్. ఎక్కడెక్కడి బంతినో అందుకుని, ముందున్నవాడి కాలికి అప్పగించినట్టు అందించేవాడు. గోలు కొట్టినవాణ్ణి జనం భుజాలకెత్తుకునేవారు. ఎలీషా నడుం మీద చేతులు వేసుకుని చూస్తుండేవాడు. మర్నాడు పేపర్లో కూడా ఆ కొట్టినవాడి పేరే ఉండేది. రాష్ట్ర జట్టు పిలుపు రాకుండానే వయసు మీరింది.

కంపెనీవాళ్లు కోచ్‌ని చేశారు. రిఫరీ నన్ను అతని మెడలో వేశాడు. కొన్నేళ్లు మంచి కోచే. శ్రీశైలం వచ్చేదాకా.

శ్రీశైలం ఎలీషా ఆడిన చోటే ఆడేవాడు. అలాగే బంతి అందించేవాడు, పైగా గోల్సూ కొట్టేవాడు. "మీకంటె మంచిగ ఆడుతుండు సార్" అన్నారెవరో. ఎలీషా నవ్వాడు. ఆ మధ్యాహ్నమే శ్రీశైలాన్ని ఒక్కణ్ణే ఎండలో పరిగెత్తించాడు. అతను ఆగబోయినప్పుడల్లా నన్ను ఊదాడు. వాంతి చేసుకున్నా వదల్లేదు. చూసినవాళ్లు క్రమశిక్షణ అంటే ఇదీ అని మెచ్చుకున్నారు.

రాష్ట్ర జట్టు సెలెక్టర్లు వచ్చిన రోజున శ్రీశైలం ముగ్గురిని తప్పించి గోలు కొట్టాడు. వాళ్లు ముందుకు వంగి చూస్తుండగానే ఎలీషా అతన్ని బయటికి పిలిచి ఇంకొకణ్ణి దింపాడు.

"మోకాలు పోయింది. ఎక్కువ రోజులు ఆడలేడు" అని సెలెక్టర్లకు చెప్పాడు.

శ్రీశైలం రొప్పుతూ వచ్చాడు. "నేనేం తప్పు జేసిన సార్?"

"పోయి కూసో."

ఆ మోకాలి మాట ఊరంతా పాకింది. ఏ జట్టూ పిలవలేదు, కంపెనీ కూడా వదిలించుకుంది. శ్రీశైలం గూడ్స్ షెడ్డులో హమాలీ అయ్యాడు. ఆ మోకాళ్లతోనే సిమెంటు బస్తాలు మోశాడు.

ఏళ్లు గడిచాక ఎలీషాకు పక్షవాతం వచ్చింది. మాట పడిపోయింది, మూతి వంకరపోయింది. సంగతి తెలిసి శ్రీశైలం వచ్చాడు. మంచం పక్కన కూర్చున్నాడు.

"ఆ దినం నన్నెందుకు బయటికి తీసిన్రు సార్?"

ఎలీషా గొంతులోంచి గాలి తప్ప ఏమీ రాలేదు. అతని భార్య సుగుణమ్మ జవాబు చెప్పింది. "నీ మోకాలు ఖరాబైతదని భయపడ్డడు బిడ్డా. నీ మంచికే జేసిండు."

శ్రీశైలం లేచి మేకుకు వేలాడుతున్న నన్ను తీసి ఆ వంకర పెదాల మధ్య పెట్టాడు.

"ఊదుండ్రి సార్."

ఎలీషా ఊదాడు. నాలోకి చొంగ దిగింది.

"ఊదుండ్రి."

ఎలీషా కళ్లలోంచి నీళ్లు కారాయి. శ్రీశైలం నన్ను తన చొక్కాకు తుడిచి మళ్లీ పెట్టాడు.

సుగుణమ్మ మురిసిపోయింది. "డాక్టరు గిట్లనే ఊదిపియ్యమన్నడు. నేను జెప్తె వింటలేడు. రోజూ వస్తవా బిడ్డా?"

"వస్తనమ్మా."

అప్పటి నుంచి పని దిగాక రోజూ వస్తున్నాడు. సుగుణమ్మ అతని కోసం టీ పెట్టి ఉంచుతుంది. మెట్ల మీద చెప్పుల చప్పుడు వినగానే ఎలీషా గోడవైపు తిరగాలని చూస్తాడు. తిరగలేడు.