ఎల్ బోర్డు కట్టిన లోడు బండ్లు

పుంగనూరు దాటిన మలుపులో లారీ పక్కకు పడిపోయి ఉంది. తోలిన జోయెల్ చెయ్యి విరిగి రోడ్డు మీద కూర్చున్నాడు. అంబులెన్సు రాకముందే కంపెనీ జీపు వచ్చింది. సూపర్‌వైజర్ రాజేంద్ర దిగి, జోయెల్ వైపు కన్నెత్తి కూడా చూడకుండా, పడిన లారీకి ముందొక ఎల్ బోర్డు, వెనకొకటి కట్టాడు. వెంట వచ్చిన కూలీలు పార్సిళ్లన్నీ ఇంకో బండిలోకి మార్చేశారు. వెనక లారీలో వస్తున్న రమ్యశ్రీ, నేను ఇదంతా కళ్లారా చూశాం.

మదనపల్లె దగ్గరి ఒక డెలివరీ కంపెనీలో జోయెల్‌తోపాటు మేమంతా లారీ డ్రైవర్ ట్రైనింగుకు చేరాం. నేర్చుకునేవాళ్లు ఎల్ బోర్డు కట్టాలి, పక్కన నేర్పేవాడు ఉండాలి, లోడు ఎత్తకూడదు. కంపెనీ మాత్రం రోడ్డు ప్రాక్టీసని పేరు పెట్టి మాచేత కుప్పానికి పార్సిళ్లు తోలించేది. గేటు దాటే ముందు బోర్డులు ఊడదీసేవాళ్లు. నేర్పే గోవిందస్వామి ఒక్కడే, ఎన్ని బండ్లలోనని కూర్చుంటాడు? లోడు మోసేటప్పుడు మేం డ్రైవర్లం, బోల్తా కొడితే నేర్చుకునేవాళ్లం. ఇదీ వాళ్ల న్యాయం.

ఖాళీ లారీని జోయెల్ చెప్పకుండా తీసుకుపోయాడని కంపెనీ పుంగనూరు పోలీస్ స్టేషన్లో చెప్పింది. దొంగతనం కేసు. ఇక వాడికి లైసెన్సు రాదు, జైలే. నోరు తెరిస్తే మాకూ ఉద్యోగం ఉండదని రాజేంద్ర అందరినీ పిలిచి హెచ్చరించాడు.

జోయెల్ తల్లి సోఫియమ్మ మిషన్ ఆస్పత్రిలో ఆయా. ఆమె నేరుగా మా షెడ్డుకే వచ్చింది.

"మీరు సూసినారు గదప్పా. యాల సెప్పరు?"

మేం తలలు దించుకున్నాం. సిగ్గుతో చచ్చిపోయాం.

ఆ సాయంత్రం షెడ్డు వెనక మాలో మేమే కొట్లాడుకున్నాం. మా ఇళ్లలో వాళ్లంతా టమాటా మార్కెట్లో గంపలు మోసేవాళ్లు, పట్టుగూళ్ల కూలీలు. ఇంకొక్క నెల నోరు మూసుకుంటే స్టీరింగు మనదేనని వెంకటప్ప వాదించాడు.

"రేపు నువ్వు పడిపోతే నీ బండికీ ఆ బోర్డే కడతారు ఎంకటప్పా. నీ కోసరం ఎవురు నోరు తెరవాల?" అంది రమ్యశ్రీ.

చెప్పినా నమ్మేదెవరు, లోడు మార్చేశారు గదా అన్నాడు వెంకటప్ప. అదీ నిజమే. అయితే లోడునే స్టేషనుకు తీసుకుపోదామంది రమ్యశ్రీ.

పొద్దున లోడు ఎత్తాక బోర్డులు ఊడదీయనివ్వలేదు. రాజేంద్ర గేటు మూయబోతే వెంకటప్ప దిగి బార్లా తెరిచాడు. గోవిందస్వామి వచ్చి మొదటి బండి ఎక్కాడు. నిదానంగా పుంగనూరు చేరి, స్టేషన్ ముందు బండ్లన్నీ వరసగా ఆపాం. జనం పోగయ్యారు.

"జోయెల్ సేసిన పనే మేమూ సేస్తాండాం సార్. మా మీదా కేసు రాయండి. లోడు ఎవురిదో అదీ రాయండి" అంది రమ్యశ్రీ.

బండ్లు తీసుకుని పొమ్మన్నాడు ఎస్సై. మేం కదల్లేదు. చేసేది లేక, వెంటపడి వచ్చిన రాజేంద్రను లోడు ఎవరిదని అడిగాడు. ఆ లోడు కంపెనీది కాదని రాజేంద్ర బొంకాడు.

వెంకటప్ప జనం వైపు తిరిగాడు.

"కంపెనీది కాదంట. దించి పంచేస్తాం, రాండప్పా."

పెట్టెలు చేతులు మారుతూ రోడ్డు మీదికి దిగసాగాయి. నాలుగు దిగేసరికి రాజేంద్ర చేతులు చాపి అడ్డం పడ్డాడు.

"తాకద్దండి. అది మా కంపెనీ సరుకు. దినామూ కుప్పానికి పొయ్యేదే."

జనం గొల్లున నవ్వారు. ఎస్సై ఆ మాట రాసుకోక తప్పలేదు. మా మీదా కేసు రాసి లోపలికి నడవమన్నాడు. మేం అప్పటికే మెట్లెక్కుతున్నాం.

సాయంత్రం సోఫియమ్మ మాకు టీ తెచ్చింది, కుప్పం కబురూ తెచ్చింది. మా కంపెనీకి అక్కడున్న ట్రైనింగువాళ్లు కూడా లోడు బండ్లకు బోర్డులు కట్టి స్టేషనుకు బయలుదేరారట. ఇక అక్కడి ఎస్సై కూడా ఆ లోడు ఎవరిదని అడగాల్సిందే.