వెండెల్ బాయిలర్ నీళ్ళు

మా పెరట్లో బాయిలర్ తలుపు తీస్తే వచ్చే కంపు గురించి ముందే చెప్పేస్తాను. తర్వాత నన్ను ఎవరేమనుకున్నా ఫరవాలేదు. కాలిన వెంట్రుకలు, కరిగిన ప్లాస్టిక్, మాడిన కొవ్వు, వీటన్నిటి అడుగున పచ్చి కట్టెల పులుపు. తలుపు అంచుల నుంచి నల్లటి జిగురు కారి మంచు మీద మరకలు కట్టేది. అది చేతికి అంటుకుంటే మూడు రోజులు పోదు. ఆ చేత్తోనే రొట్టె తినాలి.

బాయిలర్ అంటే మేకల కొట్టమంత రేకు గది, నెత్తిన పొట్టి పొగగొట్టం. లోపల కట్టెలు మండుతుంటే చుట్టూ ఉన్న నీళ్ళు కాగుతాయి. ఆ నీళ్ళు భూమిలో పూడ్చిన గొట్టాల గుండా మా ఇంటికీ, నలభై అడుగుల దూరంలో ఉన్న మా అత్తగారు ఎల్మా ఇంటికీ వెళ్ళి రెండిళ్ళనూ వెచ్చగా ఉంచుతాయి. అమెరికా ఉత్తరపు కొసన ఉన్న మా వైపు, సుపీరియర్ సరస్సు మీది గాలి నవంబరులో మొదలైతే ఏప్రిల్ దాకా ఊరుకోదు. కాబట్టి రోజుకు రెండుసార్లు దాని కడుపు నింపాలి.

నింపడానికి కట్టెలు చాలు. కానీ మా ఆయన ఆరిన్‌కి అది కట్టెల పొయ్యిలా కనిపించలేదు, ఏది పడేసినా మాయం చేసే గొయ్యిలా కనిపించింది. పాత తివాచీ ముక్కలు, పాల డబ్బాలు, రంగు వేసిన చెక్కలు, ఆవిరి స్నానాల గదిలో కుళ్ళిన బల్లలు, అన్నీ దాంట్లోకే. జింకల వేట రోజులొస్తే ఇంకా ఘోరం. ఊళ్ళో వేటగాళ్ళంతా తోళ్ళూ, కాళ్ళూ, పేగులూ బకెట్లలో తెచ్చి మా పెరట్లో దించి, ఒక బీరు తాగి పోయేవాళ్ళు. ఆయనకు అదో గొప్ప. ఆరిన్ బాయిలర్ దేన్నైనా అరిగించుకుంటుందని అందరూ అంటుంటే ముసిముసిగా నవ్వేవాడు. పేగులు పడ్డ సాయంత్రం పొగ పైకి లేవదు. నేల మీద పాకుతూ వచ్చి అత్తగారి కిటికీ దగ్గర కూర్చుంటుంది. ఆ మాట ఆయనతో అంటే, అందరి బాయిలర్లకూ పొగ వస్తుంది, నీ ముక్కే ప్రత్యేకమా అనేవాడు.

అందరివాటికీ రాదు. రోడ్డుకు అవతల ఉండే వెండెల్ రెండేళ్ళు ఎండబెట్టిన మేపుల్ కట్టెలు తప్ప ఇంకేదీ వేయడు. అతని పొగగొట్టం మీద ఎండమావిలా గాలి కదులుతుంది, అంతే. వారం వారం బూడిద తీస్తాడు, తలుపు పట్టీ తుడుస్తాడు. నీళ్ళలో ఏటేటా మందు కలుపుతాడు. ఇనుము తుప్పు పట్టకుండా ఆ మందు కలపాలి. బాయిలర్ అమ్మిన కంపెనీవాళ్ళు శరదృతువులో చిన్న ప్లాస్టిక్ సీసా పంపుతారు. దాంట్లో బాయిలర్ నీళ్ళు నింపి, పేరు రాసి తిరిగి పంపితే, వాళ్ళు పరీక్ష చేసి బాగున్నదీ లేనిదీ ఉత్తరం రాస్తారు. ఉత్తరాలు బాగుంటే పదేళ్ళలోపు ఇనుము పోయినా కొత్త బాయిలర్ ఇస్తారు.

మాది కొన్న రెండో ఏడే ఉత్తరం వచ్చింది. నీళ్ళు పాడయ్యాయి, మందు వెయ్యండి అని. ఆరిన్ దాన్ని తిట్టు కింద తీసుకున్నాడు. నీళ్ళకు మందేమిటి, వాళ్ళ వ్యాపారం కాకపోతే అని ఆ ఉత్తరాన్నీ బాయిలర్‌లోనే వేశాడు. తర్వాతి ఏడు సీసా వచ్చినప్పుడు దాన్ని నా చేతిలో పెట్టి, వెండెల్ దగ్గరికి వెళ్ళి నింపుకు రమ్మన్నాడు. వెండెల్ ఇంట్లో లేని వేళ చూసుకుని వెళ్ళమన్నాడు.

వెళ్ళాను. వెండెల్ బాయిలర్ కుళాయి తిప్పి, సీసా నింపి, దాని మీద ఆరిన్ పేరు నా చేత్తో రాశాను. ఆరు శరదృతువులు ఆరు సీసాలు. నాకు తెలియక చేశానని అబద్ధమాడను. తెలిసే చేశాను. సీసా మూత బిగించేటప్పుడు నా మీద నాకే ఏవగింపు కలిగేది. ఇంటికొచ్చి చేతులు కడుక్కుని బంగాళాదుంపలు తరిగేదాన్ని.

ఎందుకు చేశానంటే అత్తగారి కోసమని చెప్పుకునేదాన్ని. ఆవిడకు ఎనభై ఆరేళ్ళు. ఆ చిన్న ఇల్లు ఆవిడ భర్త కట్టింది. పొద్దున్నే లేచి యాలకుల రొట్టె కాల్చి, కాఫీ పెట్టి, కిటికీ దగ్గర కూర్చుంటుంది. రెండేళ్ళ కిందట ఆరిన్ గడ్డకట్టిన సరస్సు మీద చేపలకు వెళ్ళి, బాయిలర్ సంగతే మరిచిపోయాడు. అత్తగారింట్లో గొట్టాలు పగిలాయి. ఏళ్ళుగా అమ్మను పట్నం రమ్మంటున్న ఆడపడుచు డార్లీన్ వచ్చి, ఇంకొక్కసారి అమ్మ ఇల్లు చల్లబడితే అమ్మను వృద్ధాశ్రమంలో చేర్చేస్తానని చెప్పి వెళ్ళింది. ఊరికే బెదిరించే మనిషి కాదు డార్లీన్. మా ఇంట్లో ఉంచుకుందామంటే మా ఇల్లూ అదే బాయిలర్ మీద ఆధారపడి ఉంది. కొత్తది కొనే తాహతు మాకు లేదు. అంటే ఆ రేకు గది బాగున్నంత కాలమే ఆవిడ తన ఇంట్లో ఉంటుంది.

ఈ జనవరిలో బూడిద బురదైంది.

పొడిగా ఉండాల్సిన బూడిద పారకు అంటుకుని, బూజు పట్టిన గంజిలా ఊడిపడింది. నిప్పు మీద ఎక్కడో సుయ్‌మని చప్పుడు. ఆరిన్ తల ఊపి, పచ్చి కట్టెలకు చెమట పడుతోంది అన్నాడు. పచ్చి కట్టెలకు నిజంగానే చెమట పడుతుంది. కానీ కట్టెల చెమటకు బాయిలర్‌లో నీటిమట్టం రోజూ జానెడు దిగదు. దిగిన నీళ్ళకు బదులు బావి నీళ్ళు గొట్టంతో పట్టేవాడు. కొత్త నీళ్ళు పోసేకొద్దీ తుప్పు ఇంకా పెరుగుతుందని వెండెల్ వచ్చి చెప్పాడు. ఆరిన్ వినలేదు. లోపల జింక తోలు సగం కాలి, తడిసి, ఉబ్బి పడి ఉంది. దాన్ని ఇనుప కొక్కెంతో లాగి తీసింది నేను.

తొమ్మిదో రోజున నిప్పు ఆరిపోయింది. బయట సున్నాకు ఇరవై డిగ్రీలు కింద. అత్తగారి గదిలో కరెంటు హీటరు పెట్టి, ఆవిడ మీద మూడు దుప్పట్లు కప్పి, కంపెనీవాళ్ళకు ఫోను చేశాం.

మర్నాడు మధ్యాహ్నం బ్రీటా అనే అమ్మాయి ట్రక్కులో వచ్చింది. ముప్పై ఏళ్ళుండవు. మోచేతుల దాకా తొడుగులు వేసుకుని, తల లోపల పెట్టి, దీపం వేసి చూసింది. వెనక గోడలో చిల్లు. వేలు పడుతుంది. బయటికొచ్చి మంచుతో ముఖం తుడుచుకుని, తన దగ్గరున్న కాగితాలు చూసింది. ఆరేళ్ళుగా మీ నీళ్ళు దివ్యంగా ఉన్నాయి, అలాంటప్పుడు ఇనుము ఇలా పోకూడదు, తప్పు మాదే అయ్యుంటుంది అంది. అలాగైతే వారంలో కొత్త బాయిలర్ వస్తుందట. ఈలోపు ముసలావిడ ఇంటికి వాడుకోవడానికి పెద్ద హీటరు కూడా పంపిస్తారట.

తర్వాత మామూలుగా చేసే పనే అన్నట్టు కుళాయి తిప్పి ఒక గాజు సీసాలోకి నీళ్ళు పట్టింది. బురద రంగు. పైన నూనె తెట్టులా ఏదో తేలుతోంది. బ్రీటా ముక్కు ముడిచింది. ఇంకో పరికరం తేవడానికి ట్రక్కు దగ్గరికి నడిచింది.

ఆరిన్ నా దగ్గరికి జరిగి తగ్గు గొంతుతో అన్నాడు.

"మన దాంట్లోంచే తీశానని చెప్పు. బావి నీళ్ళు పోశాకే ఇలా అయిందని నేను చెబుతాను. అమ్మ కోసం, వెర్నా. చెప్పకపోతే రేపు డార్లీన్ వచ్చి అమ్మను తీసుకుపోతుంది. ఆ పాపం నీ నెత్తినే ఉంటుంది."

ఆయన నోటి నుంచి కూడా ఆ పొగ వాసనే వచ్చింది. ఎనిమిదేళ్ళు తోళ్ళూ పేగులూ కాల్చింది తను, మందు వెయ్యనిది తను. పాపం మాత్రం నాది. అమ్మను కూడా కట్టె ముక్కలా వాడుతున్నాడనిపించింది. అసహ్యం వేసింది. మనిషి మీద అంత అసహ్యం నాకు ఎప్పుడూ వెయ్యలేదు.

ఈలోపు అత్తగారు శాలువా కప్పుకుని, బ్రీటా కోసం కాఫీ, రొట్టె పట్టుకుని మంచులో మెల్లగా నడిచి వచ్చింది. ఆవిడ వినకుండా ఉంటే బాగుండుననుకున్నాను. బ్రీటా వచ్చి కాఫీ అందుకుని అడిగింది.

"ఈ సీసాలు ఏటేటా నింపింది ఎవరండీ?"

"మా ఆవిడే. చాలా జాగ్రత్త మనిషి" అన్నాడు ఆరిన్.

అందరూ నా వైపు చూశారు. అత్తగారు కూడా. ఆవిడ ఇంటి కిటికీ నా కళ్ళ ముందే ఉంది. ఒక్క మాట చాలు, ఆ కిటికీ ఆవిడకు మిగులుతుంది. ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది. దాని రుచి బాయిలర్ జిగురులా ఉంది.

"నింపింది నేనే. కానీ ఇందులోంచి కాదు. రోడ్డు అవతల వెండెల్ బాయిలర్ లోంచి. ఆరేళ్ళూ. ఇందులో మందు ఒక్కసారి కూడా వెయ్యలేదు" అన్నాను.

బ్రీటాకు పెద్ద ఆశ్చర్యం కూడా కలగలేదు. ఇలాంటివి చూస్తూనే ఉంటుంది కాబోలు. కాగితం మీద ఒక వరుస రాసుకుంది. కొత్తది రాదని, పెద్ద హీటరు కూడా రాదని చెప్పి, రొట్టె బాగుందని అత్తగారితో అని వెళ్ళిపోయింది. ఆరిన్ నన్ను తిట్టలేదు. ఉమ్మి వేసి లోపలికి పోయాడు. అత్తగారు ఖాళీ కప్పు పట్టుకుని తన ఇంటికి నడిచింది. ఆ సాయంత్రం డార్లీన్‌కు ఫోను చేసింది.

తెల్లారి డార్లీన్ కారు వచ్చింది. అత్తగారి బట్టలు మడుస్తుంటే నాకు ఏడుపు ఆగలేదు. మీ ఇల్లు నేనే పోగొట్టాను, నన్ను క్షమించండి అన్నాను. ఆవిడ నా చేతిలోంచి రాత్రి గౌను లాక్కుని నా ముక్కు దగ్గర పెట్టింది.

"వాసన చూడు. ఉతికిందే. ఎనిమిదేళ్ళ నుంచీ ఈ కంపులోనే పడుకుంటున్నాను. డార్లీన్ రమ్మన్నప్పుడల్లా రానన్నానుగా, ఎందుకనుకున్నావు?"

"మీ ఇల్లు వదల్లేక."

"ఇల్లా? నీ మొహం. వాడి దగ్గర నువ్వు ఒక్కదానివే అయిపోతావని. వాడు ఏం చెప్పినా తలూపుతావు. సీసా పట్టుకుని రోడ్డు దాటి వెళ్ళడం ఆరేళ్ళూ ఈ కిటికీలోంచి చూశాను, అమ్మాయ్. వాడు పంపితేనే వెళ్తున్నావని తెలుసు. ఇంకా ఏమేం చేయిస్తాడోనని భయపడ్డాను."

ఆవిడ కోసమని నేను ఆ దొంగపని చేస్తుంటే, నా కోసమని ఆవిడ ఆ పొగ పీల్చింది. ఒకరినొకరం ఒక్కసారి అడిగి ఉంటే సరిపోయేది.

"మరి ఇప్పుడు ఎందుకు వెళ్తున్నారు, అత్తయ్యా?"

"నిన్న వాడి మొహం మీదే చెప్పావు కదా. ఇక నాకు కాపలా పని లేదు" అని గౌను పెట్టెలో పెట్టి మూత వేసింది.

కారు రోడ్డు ఎక్కేదాకా నిలబడ్డాను. వెనక్కి తిరిగితే ఆరిన్ బాయిలర్ దగ్గర ఉన్నాడు. లోపల బురద గడ్డకడుతోంది, పార పట్టుకుని రా, ఎత్తాలి అన్నాడు.

"నువ్వే ఎత్తుకో" అన్నాను.

ముప్పై నాలుగేళ్ళ కాపురంలో ఆయనతో అలా అనడం అదే మొదలు. ఆయన పార తీసుకోవడానికి షెడ్డు వైపు వెళ్ళాడు.