వంటింటి పెట్టె

మసాలా నూరుకోవడానికి ప్లగ్గు ఖాళీ లేదని యేసుమణమ్మ గోడకున్న తీగల్లో ఒకదాన్ని లాగేసింది. అది అల్మారాలో, బియ్యం డబ్బాకు పైన ఉండే నల్లపెట్టె తీగ. ఆదివారం ప్రార్థన నుంచి వచ్చి, చీరైనా మార్చుకోకుండా కోడికూరకు అల్లం, వెల్లుల్లి వలిచి కూర్చున్న ఆమెకు పెట్టె లోపల ఏం జరుగుతున్నదో తెలియదు. తెలిసిన మనిషి, ఆమె కోడలు రెబెక్కా, మేడ మీద బట్టలు ఆరవేస్తున్నది. తనను చేసిన కంపెనీ ఎప్పుడో ఇదే ఆఖరని పంపిన కొత్త ప్రోగ్రాములను ఆ పెట్టె పాతవాటి స్థానంలో రాసుకుంటున్నదనీ, అది పూర్తయ్యేదాకా కరెంటు పోరాదనీ ఆమె అత్తకు చెప్పలేదు. కింద మిక్సీ చప్పుడు వినగానే దుప్పటిని తీగ మీద సగమే వదిలి పరుగెత్తుకొచ్చింది. అప్పటికి పెట్టె ముఖాన ఎర్రదీపం ఆగి ఆగి వెలుగుతున్నది.

తప్పెవరిదని అడిగితే ఆ ఇంట్లో ఇద్దరు ఆడవాళ్ల పేర్లే వినిపిస్తాయి. హాల్లో ఉంటే చప్పుడనీ, పడకగదిలో ఉంటే దీపం కళ్లలో పడుతున్నదనీ ఆ పెట్టెను తెచ్చి వంటింట్లో, ఉన్న ఒక్క స్విచ్‌బోర్డు దగ్గర పెట్టిన మూడో మనిషి పేరు ఎవరూ ఎత్తరు. ఆ మనిషి రెబెక్కా భర్త శామ్. శంషాబాద్ బస్టాండు దగ్గర అతనికి పెళ్లిళ్ల వీడియోలు తీసే స్టూడియో ఉంది. అతను తీసి తెస్తాడు, ఆమె ఇంట్లో కూర్చుని గంటల కొద్దీ ఉన్నదాన్ని కోసి, అతికించి, రంగు సరిచేసి, పాట చేర్చి పెళ్లిగా నిలబెడుతుంది. అదంతా దాచేది ఆ పెట్టెలో. లోపల ఒకదానికొకటి నకలుగా పనిచేసే రెండు డిస్కులుంటాయి. ఇంట్లోని ఏ కంప్యూటరైనా తీగ ద్వారా దానితో మాట్లాడవచ్చు. దాన్ని కొన్ననాడు అమర్చింది కూడా ఆమే. ఇద్దరికీ చెరొక ఖాతా తెరుస్తూ తన ఖాతాకు ఏం పేరు పెట్టనని అడిగితే, నీకు పేరెందుకు, హోమ్ అని పెట్టెయ్ అన్నాడు శామ్. అలాగే పెట్టింది. పెళ్లివారు ఇంటికి వచ్చినప్పుడు, ఆమె చాయ్ పెట్టి తెస్తుండగా, "మా ఇంటామె ఖాళీగనే ఉంటది, పొద్దుపోక కంప్యూటర్ల గెలుకుతది" అనేవాడు. వీడియో చివర ఎడిటింగ్ అని ఒక వరుస వస్తుంది. ఆ వరుసలో అతని పేరు టైపు చేసింది ఆమె చేతులే.

పెళ్లివారికి కావలసింది వేదిక, తలంబ్రాలు, భోజనాల వరుస, కట్నాలు చదివించిన వారి ముఖాలు. కెమెరా మాత్రం అంతకంటే ఎక్కువ చూస్తుంది. వేదిక దగ్గర నుంచి భోజనాల వైపు నడిచేటప్పుడు శామ్ దాన్ని ఆపడం మరచిపోతాడు. అది భుజాన వేలాడుతూ పందిరి వెనకవైపుకు తిరుగుతుంది. అక్కడ గంగాళాల ముందు చీర చెంగు నడుముకు దోపుకున్న ఆడవాళ్లుంటారు. ఉల్లిగడ్డల గుట్ట ముందు ముసలివాళ్లుంటారు. పిల్లకు పాలిస్తూనే ఇంకో చేత్తో ఆకులు తుడిచే తల్లి ఉంటుంది. అవన్నీ వేస్టు ముక్కలని శామ్ అంటాడు. రెబెక్కా వాటిని తీసేయలేకపోయింది. పందిరి వెనక అని ఒక ఫోల్డరు తెరిచి, ఏళ్ల తరబడి పాల్మాకుల నుంచి కాటేదాన్ దాకా అన్ని ఊళ్ల పెళ్లిళ్ల నుంచి ఆ ముక్కలను ఏరి దాచింది. పహాడీ షరీఫ్ దారిలో ఆడవాళ్ల పనిపాటల మీద చిన్న చిత్రాలు తీసే సంస్థ వారు ఎడిటింగ్ తెలిసిన మనిషి కోసం చూస్తున్నారని విని ఆమె వెళ్లి కలిసింది. మీ పని అని చెప్పగలిగింది ఏదైనా చూపించండమ్మా అన్నారు వాళ్లు. ఆమె చేసినవాటిలో మరొకరి పేరు లేని పని ఆ ఫోల్డరు ఒక్కటే.

సాయంత్రం శామ్ వచ్చి చూశాడు. లాప్‌టాప్‌లో పెట్టె తాలూకు పేజీ తెరిస్తే, డిస్కులను మొదటి నుంచి సిద్ధం చేయమంటారా అని ఒక ప్రశ్న, కింద ఒక మీట.

"కొట్టెయ్," అన్నాడు. "ఫార్మాట్ అయితే మల్ల మంచిగైతది. ముహూర్తాలు దగ్గరపడ్డయి, నాకు జాగ కావాలె."

"కొడితే అండ్ల ఉన్నయన్ని పోతయి."

"ఏం పోతయి? పెండ్లిళ్లోళ్లకు ఇచ్చుడు అయిపోయింది. ఇగ ఉన్నదంత నువ్వు దాసుకున్న వేస్టే గదా." తల్లి వైపు తిరిగి నవ్వాడు. "అమ్మా, నీ కోడలు చెత్తకుండికి గూడ తాళమేస్తది."

యేసుమణమ్మ నవ్వలేదు. ప్లగ్గు లాగింది తానేనన్న దిగులులో ఉంది. వచ్చే ఆదివారం పాల్మాకులలో పెళ్లి ఉందనీ, తాను తిరిగి వచ్చేసరికి పెట్టె ఖాళీగా ఉండాలనీ చెప్పి శామ్ అన్నం వడ్డించమన్నాడు.

రెబెక్కా సిస్టర్ల బడిలో చదివి, కంప్యూటర్ డిప్లొమా పూర్తిచేసిన మనిషి. ఆ మీట నొక్కితే తిరిగి రానిదేమిటో ఆమెకు స్పష్టంగా తెలుసు. డిస్కులు చెడలేదు, వాటిని నడిపించే బుద్ధి ఒక్కటే చెడిందని కూడా ఊహించింది. అయితే కంపెనీ ఆ రకం పెట్టెలను ఎప్పుడో వదిలేసింది. మర్నాడు ఒక పొయ్యి మీద పప్పు ఉడుకుతుండగా ఫోనులో వెతుకుతుంటే ఒక పేజీ కనిపించింది. సరిగ్గా అదే పెట్టెలో, కంపెనీ ప్రోగ్రాములతో పని లేకుండా, ఎవరైనా ఉచితంగా వాడుకోగల లినక్స్ అనే ప్రోగ్రాములను ఎక్కించడం ఎలాగో ఎవరో ఎక్కడో కూర్చుని ఓపికగా రాశారు. కంపెనీయే వదిలేసిన దాన్ని ఎవరు వదలలేదో చూద్దామని ఆమె ఇంకా లోపలికి వెళ్లింది. ఆ పెట్టె కోసం చేసిన ప్రతి మార్పూ అక్కడ భద్రంగా ఉంది. ప్రతి మార్పు పక్కనా ఒక పేరు. పుటల కొద్దీ రాసినవారి పేరు ఎంత అక్షరాల్లో ఉందో, తప్పుపడిన ఒక్క మాటను దిద్దినవారి పేరూ అంతే అక్షరాల్లో ఉంది. నా పెట్టెలో వేసి చూశాను, పనిచేస్తున్నది అని చెప్పినవారికి సైతం విడిగా ఒక వరుస. వాళ్లకు ఇందుకు ఎవరూ జీతమిచ్చినట్టు లేదు. పప్పు పొంగి పొయ్యి ఆరిపోయిన సంగతి ఆమె చాలాసేపటికి గాని గమనించలేదు. జీతం లేని పని ఆమెకు కొత్త కాదు. జీతం లేని పనికి పేరుంటుందన్నది కొత్త.

పెట్టెతో సూటిగా మాట్లాడాలంటే లోపలి సర్క్యూట్ పలకకు తీగలు కలపాలి. విప్పి చూస్తే అక్కడ నాలుగు రంధ్రాలున్నాయి గాని తీగ తగిలించే సూదుల్లాంటి పిన్నులు లేవు. పై వాటాలో కిరాయికుండే తారాబాయి కాటేదాన్‌లో స్టెబిలైజర్లు చేసే షెడ్డుకు పనికి పోతుంది. రెబెక్కా సూదులు తెప్పించి పలకను ఆమె చేతికిచ్చింది. తారాబాయి దాన్ని వెలుతురుకు ఎత్తి చూసింది.

"నాలుగు కాళ్లు అతకాలె, గంతేనా అక్కా? రేపు పట్కపోయి పట్కొస్త."

"మీ సేటు ఏమనడా?"

"ఏమంటడు? మా మిస్త్రీకి అతుకేసుడు నేర్పిందే నేను. వాడు మిస్త్రీ, నేను హెల్పర్." ఆ మాట ఆమె ఫిర్యాదుగా అనలేదు, రోజూ వచ్చే బస్సు పేరు చెప్పినట్టు అన్నది. మర్నాడు తెచ్చిన పలక మీద నాలుగు సూదులూ నిటారుగా నిలబడి ఉన్నాయి.

ఆదివారం శామ్ కెమెరాలు సర్దుకుని పాల్మాకుల పోయాడు. రెబెక్కా ఆనాడు ప్రార్థనకు వెళ్లలేదు. డిస్కులు రెండింటినీ ముందే బయటికి లాగి, ఏది ఏ వైపుదో మరచిపోకుండా గోళ్లరంగుతో గుర్తు పెట్టి, అత్త ప్రార్థనచీరల మధ్య దాచింది. ఖాళీ పెట్టెను వంటగట్టు మీద ఉంచి, కరెంటు మోసే తీగను వదిలేసి మిగతా మూడింటినీ పెట్టెకూ లాప్‌టాప్‌కూ మధ్య తగిలించింది. తెర నల్లగా ఉండిపోయింది. చాలాసేపు చూసిన తరువాత అర్థమైంది: లాప్‌టాప్ మాట్లాడే తీగ పెట్టె వినేచోట కలవాలి, ఆమె మాట్లాడేదాన్ని మాట్లాడేదానికే కలిపింది. తీగలు మార్చింది. ఈసారి తెర నిండా చతురస్రాలు, ప్రశ్న గుర్తులు కురిశాయి. అర్థం కాకపోయినా, చచ్చిపోయిందనుకున్నది మాట్లాడుతున్నది. రెండూ మాట్లాడుకునే వేగం కుదరలేదంతే. రెండువైపులా ఒకే వేగం పెట్టి పెట్టెను మళ్లీ లేపింది.

అక్షరాలు వచ్చాయి. ఏదైనా మీట నొక్కితే ఆగుతాను అని ఒక వరుస. ఆమె నొక్కింది. పెట్టె ఆగింది. ఇన్నేళ్లలో ఆ ఇంట్లో ఆమె చెప్పగానే, ఎందుకని అడగకుండా ఆగిన వస్తువు గాని మనిషి గాని అదే మొదటిది. ఇప్పుడేం చేయమంటావన్నట్టు చిన్న గుర్తు ఒకటి మినుకుమంటూ వేచి ఉంది.

పెన్‌డ్రైవులోకి లినక్స్ ఎక్కించింది. తిరిగి లేపితే సగంలో నిలిచిపోయింది. పెన్‌డ్రైవు కళ్లు తెరిచేలోపే పెట్టె దానికోసం వెతికి, లేదనుకుని ఆగిపోతున్నదని ఆ పేజీలో ఎవరో అడిగిన ప్రశ్నకు ఎవరో ఇచ్చిన జవాబు చెప్పింది. కొంచెం ఆగి వెతుకు అని రెబెక్కా పెట్టెకు ఒక మాట చేర్చింది. ఈసారి వరుసలు జలజలా దిగాయి: తన జ్ఞాపకశక్తి ఎంతో, తన ఫ్యాను ఎక్కడుందో, తన గడియారం ఎంత వెనకబడిందో పెట్టె తనను తాను తడిమి చూసుకుంటూ పోయింది. పుట్టిన బిడ్డ వేళ్లు లెక్కచూసే తల్లిలా రెబెక్కా ఆ వరుసల వెంట కళ్లు పరుగెత్తించింది. చివరికి పెట్టె, లోపలికి వచ్చేవారి పేరడిగి నిలబడింది.

అప్పుడు డిస్కులు తెచ్చి పెట్టింది. జంటగా కలిపి, ఏదీ చెరిగిపోకుండా చదవడానికి మాత్రమే తెరిచింది. పందిరి వెనక అన్న ఫోల్డరు అక్కడే ఉంది. అందులోని ఫైళ్ల వరుస తెర మీదికి వచ్చింది. ప్రతి ఫైలు పక్కనా, సొంతదారు పేరు ఉండవలసిన చోట, ఒకే సంఖ్య. హోమ్ అన్న ఖాతాను పాత ప్రోగ్రాములతోపాటే పెట్టె మరచిపోయింది. కాని ఏ చేయి ఏ ఫైలును అక్కడ పెట్టిందో డిస్కు మరచిపోలేదు. ఆ చేతికి ఒక సంఖ్య ఇచ్చి పట్టుకుని కూర్చుంది. ఆమె మిగతా ఫోల్డర్లూ తెరిచింది. పాల్మాకుల పెళ్లిళ్లు, చర్చి పెళ్లిళ్లు, నామకరణాలు, పుట్టినరోజులు. అన్నిటి పక్కనా అదే సంఖ్య. శామ్ సంఖ్య వెతికితే అతను కొన్న కొత్త బండి వీడియోల దగ్గర కనిపించింది. ఆమె వాదించలేదు, నిరూపించలేదు, ఎవరినీ అడగలేదు. ఏ పక్షమూ లేని ఇనుపముక్క ఇన్నేళ్లుగా నిజాన్ని నిజంగా రాసి పెట్టింది.

అదే సంఖ్యతో కొత్త ఖాతా తెరవమని పెట్టెకు చెప్పింది. పేరేమిటని అడిగింది పెట్టె. ఆమె రెబెక్కా అని కొట్టి, తిరిగి ఆ వరుస చూసింది. ఒక్క ఫైలునూ ఆమె తాకలేదు. అయినా సంఖ్య ఉన్న ప్రతి చోటా ఆమె పేరుంది. తెర కింద నుంచి పైకి జరిపినకొద్దీ రెబెక్కా, రెబెక్కా, రెబెక్కా. పెళ్లిళ్ల వెంట పెళ్లిళ్లు, ఏళ్ల వెంట ఏళ్లు. ఆమె కుర్చీలోంచి లేచి నిలబడి చదివింది. ఇంటి మీదుగా విమానాశ్రయం వైపు ఒక విమానం దిగిపోయిన తరువాత వంటింట్లో పెట్టె ఫ్యాను చప్పుడు ఒక్కటే మిగిలింది.

ప్రార్థన నుంచి వచ్చిన యేసుమణమ్మ గుమ్మంలో ఆగింది. రెబెక్కా ఒక ముక్క తెరిచి ఉంది. తెర మీద పందిరి వెనకభాగం, పొగ, గంగాళం తోముతున్న ఇద్దరు ఆడవాళ్లు. ముసలామె దగ్గరికి వచ్చి వంగి చూసింది.

"గది భాగ్యమ్మ గదా, పాల్మాకుల భాగ్యమ్మ. పక్కకున్నది..." ఆగింది. "నేనా?"

"మీరే అత్తమ్మా."

"నన్నెవలు తీసిండ్రు? నన్నెవలు తియ్యలే."

"కెమెరా పక్కకు తిరిగినప్పుడు పడ్డరు."

పెళ్లిళ్లలో గిన్నెలు తోమడానికి పోయిన రోజుల గురించి కొడుకు స్టూడియో నిలదొక్కుకున్న తరువాత ఆమె ఎప్పుడూ మాట్లాడలేదు. ఇప్పుడు మిక్సీ పక్కన స్టూలు లాక్కుని కూర్చుంది. తెరలోని తన చేతులను, ఒళ్లో ఉన్న చేతులను మార్చి మార్చి చూసుకుంది.

"గా దినం మేం తినలే బిడ్డా," అన్నది. "అందరు తినుడు అయినంక చూస్తే కూర ఒడిసిపోయింది. భాగ్యమ్మ నేను ఉప్పు మిరపకాయ నంజుకొని పోయినం. మల్లొకసారి ఎయ్యి, చూస్త."

రెబెక్కా మళ్లీ వేసింది. ఆమె అడిగినన్నిసార్లు వేసింది. ఆ తరువాత డిస్కులను రాయడానికి కూడా తెరిచి, ఎవరికి ఏం చేసే అధికారం ఉండాలో నెమ్మదిగా, తొందర లేకుండా, ఒక్కొక్కటిగా నిర్ణయించింది. సంస్థ వారికి పంపవలసిన ముక్కలు ఎంచి, చివర ఎడిటింగ్ అన్న వరుసలో తన పేరు, దాని కింద తెరలో కనిపించిన ఇద్దరి పేర్లు చేర్చింది.

పొద్దుగూకే వేళకు శామ్ వచ్చాడు. పచ్చదీపం చూసి, మంచిగైందన్నమాట అని సంతోషించి, కెమెరా కార్డులు పట్టుకుని లాప్‌టాప్ ముందు కూర్చున్నాడు. జాగ కోసం ముందుగా పందిరి వెనక ఫోల్డరు మీద చేయి వేశాడు. మీట నొక్కాడు. మళ్లీ నొక్కాడు.

"ఏందిది, అధికారం లేదంటున్నది. ఖరాబైందా మల్ల?"

రెబెక్కా అత్త కంచంలో రెండోసారి కూర వేస్తున్నది. గరిటె గిన్నెలో పెట్టి, అతని వైపు తిరిగింది.

"ఖరాబ్ కాలే. మీ వీడియోలకు వేరే జాగ ఇచ్చిన, అండ్ల ఏసుకోండ్రి. గిది మీకు చూడనీకి ఇచ్చిన. చెరపనీకి ఇయ్యలే."