కప్లర్ మీద పోచమ్మ ముడి

నీకే చెబుతున్నాను, పక్కకు చూడకు. పగిలినదాన్ని తాడుతో కట్టి, ఇవాళ్టికి నడుస్తుందిలే అని బండి తీసే నీకే. ఆ తాడు వెనక ఎవరి బతుకు ఇరుక్కుందో ఒక్కసారైనా చూశావా? భూపాల్ చూడలేదు.

తార్నాకలో ఒక సందులో ఉండే భూపాల్ రోజూ తెల్లవారగానే టిఫిన్ ట్రాలీని జీపుకు తగిలించి, యూనివర్సిటీ హాస్టళ్ల దగ్గరికి లాక్కెళ్లేవాడు. జీపు వెనక ఇనుప గుండు, ట్రాలీ ముందు దాని మీద టోపీలా కూర్చునే కప్లర్. గుండును అడుగు నుంచి పట్టి ఉంచే కప్లర్ నాలుక ఎండాకాలంలోనే పగిలింది. బాగు చేయించడానికి ఒక పూట చాలు. భూపాల్ ఆ పూట ఇవ్వలేదు. ఇంట్లో తల్లి పోచమ్మ ఉంది కదా.

పోచమ్మ వేసిన ముడి ఆమె వేలు తగిలితేనే వీడుతుంది. కత్తికి తెగదు, నిప్పుకు కాలదు. సందులో అందరికీ తెలిసిన సంగతే. ఉయ్యాల కట్టాలన్నా, మేడ మీదికి బీరువా లాగాలన్నా ఆమెను పిలిచి, చాయ్ ఇచ్చి పంపేవారు.

భూపాల్ వంగి కప్లర్‌ను గుండు మీద అదిమి పట్టుకునేవాడు. పోచమ్మ తాడు చుట్టి, "చెయ్యి తియ్ కొడుకా" అని ముడి బిగించేది. మధ్యాహ్నం ట్రాలీ తిరిగొచ్చాక విప్పేది. అందుకే ఆమె ఎక్కడికీ పోకూడదు.

ఒకనాడు క్యాంపస్ దిగుడులో కప్లర్ గుండు మీద నుంచి ఎగిరిపడింది. ముడి మాత్రం ఊడలేదు. ఆ తాడుకే వేలాడుతూ ట్రాలీ అటూ ఇటూ ఊగి జీపును వెనక నుంచి గుద్దింది. మరిగే సాంబారు రోడ్డంతా పారింది.

"జీపుకు ట్రాలీకి నడుమ గొలుసులన్న వేయించయ్యా. పిల్లల మీదికి పోతే?" అంది భార్య స్వరూప.

"ఊడిందా? ఊడలే గదా. అమ్మ ముడి ముందట నీ గొలుసెంత?"

జనగామలో పోచమ్మ కూతురు శిరీషకు నెలలు నిండుతున్నాయి. మొదటి కాన్పులో బిడ్డ దక్కలేదు. పుట్టింటికి రావలసిన పిల్లను ఈసారి డాక్టరు మంచం దిగొద్దన్నాడు. తల్లే పోవాలి. "నువ్వు పక్కన లేకుంటే నాకు ధైర్యం లేదే అమ్మా" అని ఫోన్‌లో ఏడ్చేది.

"రేపు నాలుక వేయిస్త, ఎల్లుండి పోదువులే" అనేవాడు భూపాల్. ఆ రేపు రాలేదు. పోచమ్మ బట్టల సంచి, బస్సులో ఉచిత టికెట్‌కు చూపించాల్సిన ఆధార్ కార్డుతో సహా, ట్రాలీ అల్మారాలో పెట్టి తాళం వేశాడు. ఆమె గడపలో కూర్చుని మెట్రో పోయే చప్పుడు వినేది.

ఒక పొద్దున నొప్పులు మొదలయ్యాయని ఫోనొచ్చింది.

"సంచి ఇయ్యిరా. పోవాలె."

"ముందుగాల ముడి వెయ్యమ్మా. పొద్దటి గిరాకి కానీ, నేనే ఉప్పల్‌ల బస్సెక్కిస్త. నీ మీద ఒట్టు."

ఆ ఒట్టు ఆమె అంతకుముందూ విన్నదే. భూపాల్ వంగి కప్లర్‌ను అదిమాడు. పోచమ్మ తాడు చుట్టింది. చెయ్యి తియ్ అనలేదు. రక్తం ఆడేంత వదులుగా, చెయ్యి రానంత బిగువుగా ముడి వేసింది.

"అమ్మా! చెయ్యి! నా చెయ్యి ఉన్నది లోపల!"

"ఉన్నది. కప్లర్ పట్టుకోనీకి ఏదో ఒకటి ఉండాలె గదా" అంది పోచమ్మ. అతని జేబులోంచి తాళంచెవి తీసి, అల్మారా తెరిచి, సంచి చంకన పెట్టుకుంది. "పురుడైనంక వస్త."

స్వరూప కత్తి వెతకలేదు. మెకానిక్ సత్తయ్యను పిలిపించింది. అతను జీపు కింద పడుకుని కప్లర్‌కు కొత్త నాలుక బిగించి, రెండు గొలుసులు అడ్డంగా వేసి పోయాడు. బేరం ఆగితే ఇల్లు గడవదు. జీపుకూ ట్రాలీకీ మధ్య ఉన్న కమ్మీ మీద భర్త కూర్చునేలా చెక్క కట్టి, స్వరూపే స్టీరింగ్ పట్టింది.

చేతి మీదికి వంగి కూర్చుని భూపాల్ రోజూ అరిచేవాడు. "గొలుసులు చూసినవా? నాలుక పట్టిందా? ఒక్కసారి లాగి చూడు. మెల్లగ పోవే!"

"ఊడుతదా ఏంది, అత్తమ్మ ముడి?" అనేది స్వరూప.

"ఊడదు గని, చూడు తల్లీ, నీకు దండం పెడ్త."

చౌరస్తాలో ట్రాఫిక్ కానిస్టేబుల్ చెయ్యూపి వాళ్లను పోనిచ్చేవాడు. హాస్టల్ పిల్లలు ప్లేట్లతో అతని పక్కనే నిలబడేవారు. "అన్నా, నువ్వు పార్సిలా, ఈడనే తినుడా?" అని నవ్వేవారు.

శిరీషకు ఆడపిల్ల పుట్టింది. తల్లీ బిడ్డా క్షేమం. స్వరూప ఫోన్ అతని చెవి దగ్గర పెట్టింది.

"అమ్మా, ఒక్కసారి వచ్చి ఇప్పవే. నడుము పోతున్నది."

"పాప నా వేలు పట్టుకున్నదిరా. ఎట్ల లేవాలె?"

పురుడు కడిగాక పోచమ్మ వచ్చింది, వెంట శిరీష, పసిపిల్ల. ముడికి వేలు తాకించింది. తాడు జారిపోయింది. చెయ్యి బాగానే ఉంది. కానీ భూపాల్ లేవబోతే నడుము లేవలేదు. డాక్టర్లు చూశారు, బెల్టులు కట్టారు. అది అలాగే వంగి నిలిచిపోయింది.

ఇప్పుడు అతను నేలను చూస్తూ నడుస్తాడు. మేనకోడలు ఇంటికి వస్తే అందరూ ఒకరి తరువాత ఒకరు ఆ పిల్లను భుజానికెత్తుకుంటారు. పిల్ల పకపకా నవ్వడం వింటాడు. అతనికి కనబడేవి కిందికి వేలాడే ఆ పిల్ల పాదాలే.